బుచ్చవ్వ మోరి కాడ తాజుద్దీన్ కారు

నాకొక మంచి గుణమున్నది. ఏ పనైనా ఇంకొకనితోని చేయించుకోను. గడియారం ఆగితె నేనే విప్పుత. రేడియో మూగబోతె నేనే విప్పుత. పక్కింటోళ్ల కుట్టుమిషను... వాళ్లు పిలువకపోయినా పోయి విప్పుత. మల్ల బిగించేటప్పుడు కొన్ని మరలు మిగులుతయి. అవి కంపెనీవోడు ఎక్కువ పెట్టినవని నా నమ్మకం. మా ఇంటామె ఊర్మిల దీన్ని రోగం అంటది. నేను స్వయంకృషి అంట.

సిరిసిల్లల నా పని సాంచల రిపేరు. బట్ట నేసే సాంచ ఆగితె "రాజేశాన్ని పిలువుండ్రి" అంటరు. కారు నా పని కాదు. కారెక్కిందే తక్కువ. అయినా ఒక పాత కారు కడుపు కిందికి దూరిన. ఎందుకు దూరిన్నో చెప్పాలంటె ముందు బుచ్చవ్వ మోరి సంగతి చెప్పాలె.

కొడిమ్యాల దాటి వేములవాడ దిక్కు వస్తుంటె రోడ్డు ఒక వాగు దాటి గుట్ట ఎక్కుతది. వాగు మీద చిన్న వంతెన అసొంటి మోరి, రెండు దిక్కుల మోకాలెత్తు గోడ. పగలు చూస్తె ఏముండదు. తుమ్మచెట్లు, మేకల పెంట, గోడ మీద ఒకడు ఎర్రరంగుతోని రాస్తె ఇంకొకడు సున్నమేసి చెరిపిన అక్షరాలు.

పొద్దుగూకిందంటె మాత్రం... ఆ మోరి పేరు నోట్లకు తెచ్చెటోడు లేడు.

అక్కడ బండ్లు ఆగుతయి. మంచిగ నడిచే బండి, గుట్ట ఎక్కుడు మొదలు కాంగనే దగ్గుతది, ఎక్కిళ్లు పెడుతది, ఆగుతది. ఆపేది బుచ్చవ్వ.

బుచ్చవ్వ బీడీలు చేసెటామె. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి, గంప నెత్తిన పెట్టుకొని కార్ఖానల అప్పజెప్పెటందుకు నడిచి పోయేదట. ఒకనాడు నడుము నొచ్చి ఆ మోరి గోడ మీద కూసున్నదట. కూసున్న మనిషి లేవలేదట. పాము కుట్టిందని ఒకడు, లారీ తాకిందని ఒకడు, బీడీలు బాగలేవని కార్ఖానోడు గంపంత వాపసిస్తె గుండె పగిలిందని ఇంకొకడు. బతికున్నప్పుడు ఆమెను చూసినోడు ఒక్కడు దొరకడు. సచ్చినంక చూసినోళ్లు మాత్రం ఊరూరికి ఉన్నరు.

దానికొక పద్ధతి గూడ పెట్టిండ్రు. బండి ఆగితె డ్రైవరు దిగాలె. మాట్లాడొద్దు. బీడి ముట్టిచ్చి, తాను తాగకుండ, నిప్పు బయటి దిక్కు ఉండేటట్టు గోడ మీద పెట్టాలె. అది కాలి ఆరేదాక నిలవడాలె. అప్పుడు బండి స్టార్టయితది.

పొద్దంత బీడీలు చేసి చేసి నడుము వంగిన ముసల్దానికి సచ్చినంక గూడ బీడే! బతికున్నప్పుడు ఆ గంప దించి ఒక్క చాయ్ తాగిపిచ్చిన డ్రైవరు ఒక్కడన్న ఉన్నడో లేడో.

అయితె గమ్మతేందంటె... బీడి ఆరినంక బండి నిజంగనే స్టార్టయ్యేది.

తాజుద్దీన్ నా దోస్తు. వాళ్ల నాయిన నాటి నల్లకారు ఒకటి ఉండె, దాన్నే కిరాయికి తిప్పేది. పొద్దుగాల సిరిసిల్ల నుంచి జగిత్యాల, పొద్దుగూకే యాళ్లకు వాపసు. ఒక్కొక్కసారి కోరుట్ల దాక. పొయ్యేటప్పుడు ఆ కారు ఎక్కడా ఆగేది కాదు. వచ్చేటప్పుడు మోరి కాడ ఆగని రోజు లేదు. తాజు దిగేది, బీడి పెట్టేది, నిలవడేది, వచ్చేది. గిరాకి గూడ అలవాటు పడ్డది. కొందరైతె బుచ్చవ్వను చూద్దామనే ఎక్కేది. సిగ్గులేని జనం.

మామూలు రోజులైతె గది గట్లనే నడుస్తుండె. కాని అది అడివిల అన్నల కాలం. పగటికి ఒక సర్కారు, రాత్రికి ఒక సర్కారు. రెండు సర్కార్లకు ఒక్క దాంట్ల మాత్రం పొత్తు కుదిరింది — తొవ్వ మీద తిరిగేటోన్ని నమ్మొద్దని.

ఒకనాడు తాజును ఆ దిక్కు ఠాణకు పిలిచిండ్రు.

"రోజూ అదే జాగల ఎందుకు ఆపుతున్నవ్ రా?" అన్నడట ఎస్సై.

"ఆపుత లేను సార్. ఆగుతంది."

"దిగి నిప్పు చూపిస్తున్నవట. గుట్ట మీద ఎవలకు?"

చదువుకున్న సారు ముందర దెయ్యమంటె నవ్వుతడని తాజు భయపడ్డడు. "ఇంజనుకు పెట్రోలు అందుత లేదు సార్" అన్నడు.

"పొద్దుగాల అందే పెట్రోలు మాపు ఎందుకందదు?"

ఎస్సై చాయ్ తాగుకుంటనే అన్నడట — "ఇంకోపారి ఆ నిప్పు కనవడితె, కారు ఇంటికి పోతది. నువ్వు పోవు."

ఆ మాపే మల్ల కారు ఆగింది. బీడి పెట్టకపోతె స్టార్ట్ కాదని భయం, పెడితె ఠాణ భయం. ఆఖరికి పెట్టిండు. అది సగం కాలిందో లేదో... తుమ్మపొదల నుంచి గుసగుస.

"ఎవలకు సైగ చేస్తున్నవ్, డ్రైవరన్నా?"

మొఖం కనవడలే. గొంతు ఒక్కటే.

"పోలీసోళ్లకా?... రేపటి సంది ఆ నిప్పు ఇక్కడ కనవడొద్దు."

ఇద్దరిదీ ఒక్కటే హుకుం. నిప్పు పెట్టొద్దు. బండి మాత్రం రోజూ ఆగుతది. బండి బంద్ చేసి ఇంట్ల కూసుంటె, "తప్పు చేసినోడు గనుకనే దాక్కున్నడు" అని రెండు దిక్కులా అనుకుంటరు. ఎటు పోయినా ప్రాణం మీదికే.

తాజు మా సాంచల కార్ఖానకు వచ్చి ఈ సంగతంత చెప్పిండు. సాంచల నడుమ మాట వినవడది. మేం పెదవులు చదువుతం. అంత చప్పుడుల నోరు ఆడించుకుంట, గొంతు తియ్యకుండ, సావు సంగతి చెప్పిండు. పక్క సాంచ మీది పిలగాండ్లు మేము సినిమా ముచ్చట పెడుతున్నమనుకున్నరు.

"మెకానిక్‌కు చూపించినవా?" అన్న.

చూపించిండు. కోరుట్లల నర్సయ్య అని పేరుపడ్డ మెకానిక్. ఆయన బానెట్ ఎత్తి, చెవి పెట్టి, కండ్లు మూసుకొని, వైద్యుడు నాడి చూసినట్టు చూసి, "కారుల ఏం లేదు. కారు మీద ఉన్నది" అన్నడట. అరే! ఇంజను తెలువనోడు గూడ ఆ మాట అనగలుగుతడు. ఇంకా మంచిగ అంటడు.

తాజు వాళ్ల అమ్మ వహీదాబీ ముందలి అద్దానికి తావీదు కట్టింది. దాని పక్కన నిమ్మకాయ, దాని కింద నల్లదారం, బంపరుకు గుర్రపు నాడ. ఆ కారుల పెట్రోలు తప్ప అన్నీ ఉండె.

"నేను చేస్త" అన్న.

తాజు నా దిక్కు జాలిగ చూసిండు. "భాయ్, నువ్వు కారు ఎప్పుడన్న విప్పినవా?"

"విప్పకుంట ఎట్ల తెలుస్తది?"

వేరే ఎవ్వరూ చేస్తమనలేదు గనుక ఒప్పుకున్నడు. నన్ను నమ్మి కాదు.

సాంచలు బందున్న నాడు కారును మా సందులకు తెచ్చినం. ముందలి చక్రాలు అరుగు మీదికెక్కిచ్చి, వెనుక చక్రాలకు బండలు అడ్డం పెట్టి, బాటరీ తీగ ఊడదీసి, పెట్రోలంత డబ్బాల వంపి దూరం పెట్టినం. బీడీలు తాగేటోళ్లను సందుల అడుగు పెట్టనియ్యకుండ కాసే పని ఊర్మిలకు అప్పజెప్పిన. ఆమె చీపురు పట్టుకొని నిలవడ్డది.

"ఇంట్ల స్టవ్వు పొగ పెడుతంది, అది చేతగాలె. కారు బాగు చేస్తడట" అన్నది వాడంత వినవడేటట్టు.

వహీదాబీ గడపల కూసొని, "ఏం కాదు బేటీ, అల్లా ఉన్నడు" అన్నది. నా మీద ఆమెకున్న నమ్మకం గూడ అంతే.

కారు కింద ఎల్లెలకల పండుకుంటె తెలిసింది. వెనుక డిక్కిల టాంకి. ముందు ఇంజను. నడుమ చిటికెన వేలంత ఇనుప పైపు, కారు కడుపు కింద పొడుగున పోతది. ఇంజను పక్కనున్న పంపు ఆ పైపుల నుంచి పెట్రోలు గుంజుకుంటది, మనం గొట్టంతోని సోడా గుంజినట్టు. గొట్టానికి బొక్క పడితె సోడా రాదు, గాలి వస్తది.

పైపును క్లిప్పులు పట్టుకున్న కాడల్లా బురద పేరుకున్నది. బురద గీకితె కింద తుప్పు. తుప్పు గీకితె... ఇంకా తుప్పు. పొరలు పొరలుగ నా కండ్లల పడ్డది. ఒక కాడ తడి తాకింది. వాసన చూసిన — పెట్రోలు. ఇగ ఇంజను దగ్గరున్న ఫిల్టరు తీసి బోర్లిస్తె, చాయ్ పత్తి లెక్క ఎర్రటి పొడి రాలింది.

నాకు అంతా సమజయింది! పొద్దుగాల టాంకి నిండుగ ఉంటది, తుప్పు అడుగున పండుకుంటది. మాపటికి పెట్రోలు అడుగంటుతది. ఎక్కుడు మీద ఇంజనుకు ఎక్కువ పెట్రోలు కావాలె. ఆ గుంజుడుకు అడుగున్న తుప్పంత పైపు మూతికి, ఫిల్టరుకు వచ్చి అడ్డం పడుతది. బండి ఆగుతది. బీడి కాలేంత సేపు నిలవడితె, తుప్పు మెల్లగ కిందికి దిగుతది. బండి పోతది.

అంటె ఇన్నొద్దులు అందరు కలిసి ఒక ఫిల్టరుకు బీడీలు తాగిపిచ్చిండ్రు!

కారు కిందనే పండుకొని నవ్విన. నర్సయ్యను తలుసుకొని నవ్విన, ఎస్సైని తలుసుకొని నవ్విన. నవ్వుతుంటె నోట్ల తుప్పు పడ్డది.

పాత పైపు ఊడదీసుడు ఒక యుద్ధం. నట్లు తుప్పుతోని పైపుకు అతుక్కపోయినయి. గ్యాసునూనె పోసి నానబెట్టినం. ఒక నట్టు మూలలన్ని అరిగి గుండ్రంగయింది. దాన్ని నీళ్లు పోసుకుంట రంపం బ్లేడుతోని కోసిన. కొత్త పైపు, కొత్త ఫిల్టరు తాజు జగిత్యాల నుంచి తెచ్చిండు. పైపు వంచేటప్పుడు నొక్కుకపోవద్దని, దారం చుట్టే గుండ్రటి సాంచ బీముకు చుట్టి వంచిన. ఈ ఉపాయం నాదే. నేను చేసిన పనులల్ల దాపెట్టకుండ చెప్పుకునేది ఇదొక్కటే, అందుకని రెండుసార్లు చెప్తున్న: బీముకు చుట్టి వంచిన.

"టాంకి గూడ కడుగుదామా భాయ్?" అన్నడు తాజు.

"కొత్త ఫిల్టరు ఎందుకున్నది? ఆ పని అది చూసుకుంటది" అన్న.

ఇగ ఫిల్టరు. దాని మీద ఒక బాణం గుర్తున్నది. మా సాంచల కాడ గూడ బీముల మీద సుద్దతోని బాణం గీస్తం. దారం ఎటు నుంచి వస్తదో అటు దాని మొన పెడుతం, తెగినప్పుడు ఎటు వెతకాలో తెలువాలని. పెట్రోలు వచ్చేది టాంకి దిక్కు నుంచి. బాణం మొన టాంకి దిక్కు పెట్టి బిగించిన.

"బాణం సరిగ్గనేనా?" అన్నడు తాజు.

"సాంచల నడుమ పుట్టినోన్ని. నాకు బాణం నేర్పుతవా?"

తెల్లారి నేను గూడ కారెక్కి జగిత్యాల పోయిన. గాలి లెక్క పోయింది కారు. తొవ్వపొడుగున తాజుకు మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చిన. వచ్చేటప్పుడు ఎవ్వల్ని ఎక్కించుకోలే. కొడిమ్యాల దాటినం. పొద్దు గుట్ట ఎనుక పడ్డది. వెలుతురు కాదు, చీకటి కాదు.

"చూస్తుండు" అన్న. "సర్రున ఎక్కుతది."

మోరి వచ్చింది. కారు... దగ్గింది.

ఒక ఎక్కిలి.

ఇంకో ఎక్కిలి.

ఆగింది.

ఇంజను వేడికి రేకు టిక్కు టిక్కుమంటంది. వాగుల ఒక కప్ప అరిచి, ఎందుకు అరిచిన్నా అన్నట్టు ఊకున్నది.

"భాయ్... బీడి" అన్నడు తాజు గుసగుసగ.

"వద్దు. నిప్పు చూస్తె కాలుస్తరు."

"పెట్టకపోతె కదలదు."

"అరే, గిది ఫిల్టరు సంగతి రా!"

"ఫిల్టరు కొత్తదే కదా భాయ్?"

నేను దిగి చూద్దామని తలుపు పిడి పట్టుకున్న.

అప్పుడు... ఎండుటాకుల మీద అడుగులు.

ఆగినయి. మల్ల వచ్చినయి. తాజు కిటికీ పక్కన ఎవడో వంగిండు.

"ఇయ్యాల నిప్పు లేదేంది?"

గొంగడి కప్పుకున్న మనిషి. గొంగడి కింద పొడుగ్గ ఉన్నదేందో మేం అడుగలే. దిగుమన్నడు, దిగినం.

"పెట్టొద్దన్నరని పెట్టలే అన్నా" అన్నడు తాజు.

"మరి ఎందుకు ఆగినవ్?"

ఇగ నా వంతు. నేను మొదలుపెట్టిన. పైపన్న, తుప్పన్న, గాలి గుంజుడన్న, సోడా గొట్టమన్న. ఆయన మధ్యల ఆపలే. అంతా విని, "పైపు మార్చినవా?" అన్నడు.

"మార్చిన."

"ఫిల్టరు?"

"కొత్తది."

"మరి ఎందుకు ఆగింది?"

ఎస్సై అడిగిన తీరుగనే అడిగిండు. ఒకే బళ్లె చదువుకున్నరేమో అనిపించింది. బానెట్ ఎత్తుమన్నడు. టార్చి మీద అరచెయ్యి పెట్టి వెలిగించిండు. వేళ్ల నడుమ నుంచి ఎర్రటి వెలుతురు ఫిల్టరు మీద పడ్డది.

బాణం మీద పడ్డది.

తుపాకి పక్కన నిలవడితె మనిషికి బుద్ధి ఎంత జల్ది వస్తదో! బాణం చెప్పేది పెట్రోలు ఎటునుంచి వస్తదని కాదు... ఎటు పోవాలెనని. నేను ఉల్టా పెట్టిన. కడుగని టాంకిల తుప్పంత వచ్చి దాని లోపట గోడ కట్టింది.

"చెప్పు. ఎందుకు ఆగింది?"

"ఉల్టా పెట్టిన" అనే మాట నాలుక మీదికొచ్చింది. అంటె నమ్మకపోవచ్చు. గది భయం. కాని అసలు సంగతి అది గాదు — నమ్మితె నా పరువు పోతది. ప్రాణం పోయే కాడ గూడ నేను పరువు లెక్క చూసుకుంటున్న.

"బుచ్చవ్వ..." అన్న.

టార్చి ఆరింది.

"ఏ బుచ్చవ్వ?" అన్నడు. గొంతు తగ్గింది.

"బీడీల బుచ్చవ్వ అన్నా. గంప పెట్టుకొని ఈడ కూసున్నదట. లేవలేదట."

చీకట్ల ఆయన ఊపిరి వినవడుతంది. పిలగాడు, ఇరువై దాటి ఉండయి.

"మా అవ్వ గూడ బీడీలే చేస్తది" అన్నడు. "నడుము లేవది ఆమెకు."

గొంగడి చాటున అగ్గిపుల్ల గీసిండు. బీడి ముట్టిచ్చి, గోడ కాడికి పోయి, నిప్పు బయటికి పెట్టి పెట్టిండు. దెయ్యాల్లేవు, దేవుళ్లు లేరని ఊరూర పాట కట్టి పాడేటోళ్ల మనిషి! నా పైపును నమ్మలే, నా సోడా గొట్టాన్ని నమ్మలే, సచ్చినామెను నమ్మిండు.

ఆయన ఆ దిక్కు తిరిగి నిలవడ్డడు. నేను ఈ దిక్కు చీకట్ల క్లిప్పులు వదులు చేసి, ఫిల్టరు ఊడబెరికి, దులిపి, ఊది, తిప్పి పెట్టిన. చేతుల నిండ పెట్రోలు. అంత దూరంల గోడ మీద నిప్పు. ఆ మాపు ఆ మోరి కాడ దెయ్యం కంటె, తుపాకి కంటె ఎక్కువ ప్రమాదం నేనే.

బీడి ఆరింది. తాజు సెల్ఫ్ కొట్టిండు. స్టార్టయింది.

"మీరు నన్ను చూడలే" అని గొంగడాయన పొదలల్లకు పోయిండు. "బీడి మాత్రం బంద్ చేయకుండ్రి. ఆమెదని తెలిసింది. ఇగ ఎవ్వలేమనరు."

తొవ్వపొడుగున తాజు "బుచ్చవ్వ తల్లి, బుచ్చవ్వ తల్లి" అనుకుంటనే ఉన్నడు. నేను తిప్పిన్నని చెప్పుకుందామంటె, ఉల్టా పెట్టిన్నని ముందు చెప్పాలె. నోరు మూసుకున్న.

తర్వాత టాంకి దించి, గులకరాళ్లు పోసి, ఊపి ఊపి కడిగినం. ఎర్రనీళ్లు పోయి తెల్లనీళ్లు వచ్చేదాక కడిగినం. ఎండబెట్టి ఎక్కించినం. ఇగ కారు ఎక్కడా ఆగలే. బీడి లేదు, బుచ్చవ్వ లేదు. సర్రున ఎక్కి సర్రున దిగింది. నేను మీసం దువ్వుకున్న. ఊర్మిల గూడ ఒక పూట ఏమనలే.

గంతల ఠాణ నుంచి మల్ల పిలుపు.

"ఇన్నొద్దులు ఆగిన బండి ఇప్పుడెందుకు ఆగుత లేదు?" అన్నడట ఎస్సై. "ఆగొద్దని ఎవలు చెప్పిండ్రు?"

తాజు తుప్పు పట్టిన పాత పైపు ముక్క బల్ల మీద పెట్టిండు.

"ఇనుప ముక్క పట్టుకొని ఠాణకొస్తవా?" అని ఎస్సై లేచి నిలవడ్డడట.

తాజు ఇగ నా అబద్ధాన్నే పట్టుకున్నడు. "బుచ్చవ్వ సార్..."

ఎస్సై పోయి తలుపు దగ్గరకేసిండట. అంగి కాలరు సందుల నుంచి తావీదు ఎర్రదారం కనవడ్డదట.

"మా జీపు గూడ ఆగింది ఒకపారి" అన్నడట గుసగుసగ. "నేనే పెట్టిన. ఎవలకన్న చెప్తివో...! ఆమె బీడి ఆమెకు పెట్టు. నిప్పు కనవడితె నువ్వు డ్రైవరువు. కనవడకపోతె నువ్వెవరో మేం చూసుకోవాలె."

గది సంగతి. ఆగుతుంటె ఎందుకు ఆగుతున్నవని ఇద్దరు. ఆగకపోతె ఎందుకు ఆగుత లేవని. ఇనుపపైపు చూపిస్తె ఒక్కడు నమ్మలే. దెయ్యమంటె ఇద్దరు చేతులు కట్టుకున్నరు. వీళ్లా మనల్ని ఏలెటోళ్లు!

ఇగ తాజు రోజూ మంచిగ నడిచే కారును మోరి కాడ ఆపేది. తాళం తిప్పి ఇంజను బంద్ చేసేది. బీడి పెట్టేది. ఆరినంక వచ్చేది. నేను అంత కష్టపడి బాగు చేసిన కారును, ఆయన రోజూ ఒకపారి చేత్తోని చెడగొట్టుకునేది. నా రిపేరుకు దక్కిన మర్యాద గది.

ఇగ చెప్పేది నేను చూసింది కాదు. తాజు చెప్పింది, కోరుట్ల మల్లయ్య, ఆయన భార్య గంగవ్వ చెప్పింది. వాళ్లిద్దరు రాజన్న మొక్కుకని వేములవాడకు వస్తుండ్రి. కారుల వెనుక కూసున్నరు.

ఆ మాపు ముసురు. బీడీలు మెత్తబడ్డయి. గంగవ్వకు జ్వరం.

"కొడుకా, జల్ది పోనియ్యి" అన్నదట.

తాజుకు గూడ రోజూ ఆ నాటకం ఆడి ఆడి రోత పుట్టింది. ఈ ఒక్క మాపుకు వద్దు, వానల ఎవ్వలు చూస్తరు అనుకున్నడు. ఆపొద్దని గట్టిగ అనుకొని, మోరి రాకముందే ఎక్సలేటరు గట్టిగ తొక్కిండు.

కారు ఆగింది.

దగ్గలే. ఎక్కిలి పెట్టలే. ఊదిన దీపం లెక్క ఆగింది.

"తాళం తిప్పినవా?" అన్న నేను, ఇది వింటున్నప్పుడు.

"రెండు చేతులు స్టీరింగు మీదనే ఉన్నయి భాయ్. ముందల మీటరు కాడ ఎర్రలైటు వెలుగుతనే ఉన్నది."

తాళం బంద్ చేస్తె ఆ లైటు వెలుగది. ఆ లైటును మల్లయ్య గూడ చూసిండు. "ఎర్రగ కనుగుడ్డు లెక్క వెలిగింది" అన్నడు నాతోని.

తాజు సెల్ఫ్ కొట్టిండు. లేదు. మల్ల కొట్టిండు. లేదు. దిగి, వానల తడువకుండ చేతులు అడ్డం పెట్టి, మెత్తబడ్డ బీడి పుల్ల మీద పుల్ల గీసి ముట్టిచ్చిండు. గోడ మీద పెట్టిండు.

అది ఇంకా కాలుతుండంగనే... ఎక్కుడు మీద, మలుపు అవుతల, కాల్పులు మొదలైనయి.

మొదలు ఒకటి. తర్వాత లెక్కలేనన్ని. గుట్టంత పటపటమన్నది. తాజు, ఆ ఇద్దరు ముసలోళ్లు మోరి కిందికి దిగి, వాగు నీళ్లల్ల మోకాళ్ల మీద కూసున్నరు. గంగవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. ఆగకుండ పోయి ఉంటె, ఆ రెండు దిక్కుల నడుమ ఈ కారు ఉండేది.

చప్పుడు ఆగింది. చానసేపటికి పైకి వచ్చిండ్రు. బీడి ఆరి ఉన్నది. తాజు సెల్ఫ్ మీద వేలు పెట్టిండో లేదో... స్టార్టయింది.

తెల్లారి ఠాణల పిలిచిండ్రు. "కాల్పులు అయితయని నీకు ముందే తెలుసు. అందుకనే ఆగినవ్." ఆ వారమే తొవ్వల గొంగడి గూడ ఆపింది. "నీకెవలు చెప్పిండ్రు?" రెండు కాడల తాజు ఒకటే మాట అన్నడు — "బుచ్చవ్వ." రెండు కాడల తలకాయలు వంగినయి. రెండు కాడల వదిలేసిండ్రు. తాజు బతికిండు.

వహీదాబీ ఏడ్చింది, ఊర్మిల దండం పెట్టింది. నేను మాత్రం ఒప్పుకోలే. కారును మల్ల అరుగెక్కించిన. కారు కిందికి దూరిన. పైపు పొడుగున గోరుతోని గీకిన — గోరే అరిగింది. ఒక కొసన నోరు పెట్టి ఊదిన, ఆ కొసన తాజు మొఖానికి గాలి తాకింది. ఫిల్టరు బ్లేడుతోని కోసి చూసిన. తెల్లగున్నది. టాంకి లోపట తెల్లగుడ్డ పెట్టి తుడిచిన. గుడ్డ ఎట్ల పోయిందో అట్లనే వచ్చింది. పంపు విప్పిన, ప్లగ్గులు విప్పిన, తీగలు ఒక్కొక్కటి ఇగ్గి చూసిన.

ఒక్క రవ్వ తుప్పు. చాయ్ పత్తి అంత గూడ వద్దు, ఆవగింజ అంత చాలు. బతుకుల మొదటిసారి తుప్పు కోసం మొక్కుకున్న. దొరకలే.

తాజు అరుగు మీద కూసొని చూస్తండు. "ఏమున్నది భాయ్?"

"ఏం లేదు" అన్న.

ఇన్నేండ్లల పంపులు నేర్చుకున్న, పైపులు నేర్చుకున్న, ఎన్నో కార్లు విప్పిన. ఆ మాపు ఆ కారు ఎందుకు ఆగిందో మాత్రం నాకు తెల్వది. ఇంకా నేర్చుకోలే.